సిగ్నల్ ఇవ్వనోళ్లకు ఆన్‌లైన్ తప్పనిసరి చేసే హక్కు లేదు



మేం పినపాక మండలం ఊర్ల నుంచి వచ్చి హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్న పిల్లలం. మా ఇండ్లల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. ఈ మధ్య ఎక్కడికి పోయినా ఒక మాట వినబడుతుంది: "ఇప్పుడు అందరి చేతిలో ఫోన్ ఉంది, ఆదివాసీ పిల్లలకు ఇంకేం కష్టం?" దానికి జవాబు అందరం కూర్చుని రాసినం. పొడుగు ఉంది, ఓపికతో చదవండి.

ఫోన్ వచ్చిన మాట నిజమే. 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చినంక డేటా చౌకైంది. మిర్చి కూలి డబ్బులతో ఫోన్ కొన్నోళ్లు మన ఊర్లల్లో చాలామంది ఉన్నారు. కానీ ఫోన్ ఉండుడు వేరు, పని పడ్డ రోజున సిగ్నల్ ఉండుడు వేరు. మండల కేంద్రంలో, రోడ్డు పొంట నెట్ వస్తది. గుట్ట అవతలి గుంపుల్లో ఫోన్ జేబులో ఉంటది గానీ మాట పోదు.

ఇప్పుడు మన బతుకులో ఏమేం ఆన్‌లైన్ అయినయో చూడండి. 2016 నుంచి డిగ్రీ సీటు 'దోస్త్'లో ఆన్‌లైన్. స్కాలర్‌షిప్ దరఖాస్తు ఆన్‌లైన్. కులం, ఆదాయం సర్టిఫికెట్లు ఆన్‌లైన్. 2020లో హాస్టళ్లు మూసి మమ్మల్ని ఇండ్లకు పంపినప్పుడు, సెప్టెంబర్ 1 నుంచి పాఠాలు కూడా టీవీలో, ఫోన్లోనే. ఉపాధి హామీ పనికాడ రోజుకు రెండుసార్లు ఫోటో తీసి యాప్‌లో హాజరు ఎక్కించాలని 2023 జనవరి 1 నుంచి కేంద్రం తప్పనిసరి చేసింది. ఇన్ని రూల్స్ పెట్టినోళ్లలో ఒక్కరైనా మన గుంపుకు వచ్చి "ఇక్కడ సిగ్నల్ ఉందా?" అని అడిగినట్టు మా పెద్దోళ్లెవరికీ గుర్తు లేదు.

దీనిలో అసలు నష్టం ఎక్కడుందో గమనించాలి. కాగితం రోజుల్లో ఆఫీసులో దరఖాస్తు తిప్పి కొడితే, తిప్పి కొట్టినట్టు ఒక ఆధారం ఉండేది. దాన్ని పట్టుకుని పై ఆఫీసర్ దగ్గరికి పోవచ్చు. ఇప్పుడు పేజీ తెరుచుకోకపోతే మనం అడిగినట్టు ఎక్కడా ఉండదు. ఆఖరు తేదీ దాటితే లెక్కల్లో "దరఖాస్తు చేసుకోలేదు" అని పడతది. రెండు రోజులు కూలి పోగొట్టుకుని, ఆటో కిరాయి పెట్టుకుని, నెట్ సెంటర్ ముందు నిలబడి "సర్వర్ డౌన్" అని విని తిరిగొచ్చిన తల్లి కూడా ఆ లెక్కలో దరఖాస్తు చేసుకోనట్టే. ఆమె ఎవరి మీద అప్పీలు చేయాలి?

"ఆఫ్‌లైన్‌లో ఫోటో తీసి, సిగ్నల్ వచ్చినకాడ ఎక్కించొచ్చు కదా" అంటరు. ఎక్కించొచ్చు. ఆ నడక ఎవరిది? ఆ ఆలస్యానికి కూలి ఆగితే బాధ్యత ఎవరిది? ఆ మాట ఎవరూ చెప్పరు.

ఇంక పైసల్లేవంటరు. మారుమూల ఊర్లకు ఫోన్, నెట్ ఇవ్వడానికే కేంద్రం దగ్గర ఒక నిధి ఉంది. యూనివర్సల్ సర్వీస్ ఆబ్లిగేషన్ ఫండ్ అనేటోళ్లు. 2023 టెలికాం చట్టంతో దాని పేరు డిజిటల్ భారత్ నిధి అయింది. టెలికాం కంపెనీల లెక్కించిన ఆదాయంలో 5 శాతం దానికి పోతది. ఆ ఆదాయం మన రీచార్జులదే. వేల కోట్లు ఆ నిధిలో ఖర్చు కాకుండా మిగిలినయి. ప్రతి పంచాయతీకి ఫైబర్ వేస్తమని 2011 అక్టోబర్‌లో ఒప్పుకున్న పథకానికి మొదట పెట్టుకున్న గడువు రెండేళ్లు. అప్పుడు మేం అంగన్‌వాడీ పిల్లలం. ఇప్పుడు డిగ్రీకి వచ్చినం.

ఇంకో సాకు అడవి. "ఫారెస్టు అనుమతి రాదు" అని. అటవీ హక్కుల చట్టం 2006, సెక్షన్ 3(2) చదవండి. బడి, ఆస్పత్రి, అంగన్‌వాడీతోపాటు కరెంటు, టెలికాం లైన్లకు కూడా అటవీ భూమి ఇవ్వొచ్చని అందులో రాసి ఉంది. ఒక్కో పనికి హెక్టారు లోపు భూమి, హెక్టారుకు 75 చెట్లకు మించకుండా, గ్రామసభ సిఫారసు ఉంటే చాలు. మన నేల కింది బొగ్గు బయటికి పోవడానికి, 1080 మెగావాట్ల భద్రాద్రి థర్మల్ కేంద్రం నుంచి కరెంటు పట్నాలకు పోవడానికి దారి దొరికింది. మన గుంపు దాకా ఒక తీగ రావడానికే అడవి అడ్డం వస్తదా?

"హాస్టల్ పిల్లలకు ఫోన్ ఇస్తే రీల్స్ చూస్తరు" అనే పెద్దమనుషులకు కూడా చెప్తున్నం. పట్నం పిల్లలు చూడరా? కేరళలో ఫహీమా షిరీన్ అనే డిగ్రీ విద్యార్థిని, సాయంత్రం 6 నుంచి 10 దాకా ఫోన్ వాడొద్దన్న హాస్టల్ రూలును ఒప్పుకోలేదు. హాస్టల్ నుంచి తీసేస్తే కోర్టుకు పోయింది. 2019 సెప్టెంబర్‌లో కేరళ హైకోర్టు, ఇంటర్నెట్ అందుబాటు చదువు హక్కులో భాగమని తీర్పు ఇచ్చింది. 2018 ఆధార్ తీర్పులో సుప్రీంకోర్టు, వేలిముద్ర పడలేదని హక్కున్నోళ్లకు లబ్ధి ఆపొద్దని, వేరే గుర్తింపు తీసుకోవాలని చెప్పింది. వేలిముద్రకు ఆ న్యాయం ఉంటే సిగ్నల్‌కు ఎందుకు ఉండదు?

మేం టెక్నాలజీ వద్దంటలేం. పక్క రాష్ట్రం ఛత్తీస్‌గఢ్‌లో 2010లో శుభ్రాంశు చౌదరి మొదలుపెట్టిన సీజీనెట్ స్వర ఉంది. మామూలు ఫోన్ నుంచి కాల్ చేసి గోండిలో సమస్య చెప్తే రికార్డయితది, ఇంకొకరు కాల్ చేసి వింటరు. ఇంటర్నెట్ అక్కర లేదు, చదువు రాకపోయినా పర్వాలేదు. గోండి మన కోయకు అక్కచెల్లెలి లాంటి భాష. అక్కడ చేయగలిగింది ఇక్కడ ఐటీడీఏ కోయలో ఎందుకు చేయదు?

మన డిమాండ్లు మూడు.

ఒకటి, ఆన్‌లైన్ అన్న ప్రతి పనికి పంచాయతీలో కాగితం దరఖాస్తు తీసుకుని, తేదీ వేసి రసీదు ఇవ్వాలి. ఆ తేదీనే లెక్కలోకి రావాలి.
రెండు, సిగ్నల్ లేని గుంపుల జాబితా ఐటీడీఏ బయట పెట్టాలి. అక్కడ టవర్ పడేదాకా ఏ యాప్ కూడా కూలికి, చదువుకు షరతు కావొద్దు.
మూడు, దరఖాస్తు సంగతి ఫోన్ చేస్తే కోయలో చెప్పే నంబర్ ఉండాలి.

ఈసారి పండుగకు ఇంటికి పోయినప్పుడు ప్రతి ఒక్కరూ మీ గుంపు పేరు, అక్కడ ఏ సిమ్ పనిచేస్తది, సిగ్నల్ కోసం ఎంత దూరం నడవాలి అన్నది తేదీతో రాసి గ్రూపులో పెట్టండి. మేం ఒక్క కాగితం మీదికి తెస్తం. వచ్చే గ్రామసభలో సెక్షన్ 3(2) పేరు చెప్పి తీర్మానం రాయించండి. నెట్ లేకపోయినా తీర్మానం రాయొచ్చు, సంతకాలు పెట్టొచ్చు.

మావ నాటే, మావ రాజ్! జై ఆదివాసీ!