సీమకెళ్లిన పువ్వులు

నరసాపురంలో పుష్కరాలకీ కార్తీక స్నానాలకీ జనం దిగే రేవు పేరు వలంధర రేవు. చిన్నప్పుడు ఆ మెట్ల మీద ఎన్ని సాయంత్రాలు కూర్చున్నానో గాని, ఆ పేరెక్కడిదని ఒక్కసారీ అడగలేదు. వలందులంటే హాలండు వాళ్లని, డచ్చివాళ్లని, కాలేజీలో చేరాక తెలిసింది. పక్కనున్న పాలకొల్లులో స్థావరం పెట్టుకుని, గోదారి మీదుగా బట్టల బేళ్లు ఓడలకెక్కించుకున్న వాళ్లు. 1824 లండన్ ఒడంబడికతో వాళ్ల చోట్లన్నీ ఇంగ్లీషు వాళ్ల చేతికి పోయాయి. రేవుకి పేరు మాత్రం మిగిలింది.

సరిహద్దు అనగానే ముళ్లకంచె, తుపాకీ పట్టుకున్న జవాను గుర్తొస్తారు. గోదావరి జిల్లాల మధ్యన అలాంటి గీత ఒకప్పుడు నిజంగానే ఉండేది. 1954 దాకా యానాం ఫ్రెంచి వాళ్లది. 1930లో బాల్యవివాహాలు ఆపే శారదా చట్టం అమల్లోకొచ్చాక, ఇటువైపు చెయ్యకూడని పెళ్లిళ్లు చెయ్యడానికి పిల్లల్ని వెంటబెట్టుకుని యానాం పోయేవారు. గీత దాటిన మరుక్షణం ఆ ఆడపిల్లకి చట్టం లేదు.

నరసాపురానికి అలాంటి గీత లేదు. దిగువకి పది కిలోమీటర్ల పైచిలుకు పోతే అంతర్వేది దగ్గర గోదారి వశిష్ఠ పాయ సముద్రంలో కలుస్తుంది, నేల అక్కడితో అయిపోతుంది. అయినా నా లెక్కలో ఇది సరిహద్దు ఊరే. నాలుగొందల ఏళ్లుగా ఇక్కడి చేతుల పని సముద్రం దాటి పోతూనే ఉంది. ఊరి ఒడ్డున ఓడలు కట్టిన కాలం ఉంది. ఊరిని ఆనుకున్న మాధవాయిపాలెంలో పదిహేడో శతాబ్దంలో ఇంగ్లీషు కంపెనీ దిగింది. అక్కడి నుంచి వెళ్లిన మెత్తటి నూలుబట్టకి యూరోపులో ‘మడపోలం’ అన్న పేరు స్థిరపడింది. ఈనాటికీ నిఘంటువుల్లో ఆ మాట ఉంది. ఆ బట్ట నేసినవాళ్లలో ఒక్కరి పేరు కూడా నాకు ఎక్కడా కనబడలేదు.

మగ్గం తర్వాత సూది వచ్చింది. 1844లో మెక్రే అనే స్కాట్లండు మిషనరీ దంపతులు ఇక్కడి ఆడవాళ్లకి లేసు అల్లిక నేర్పారని చెప్పుకుంటారు. దొరసానుల బడిలో మొదలైన పని పేటలు దాటి, కులాలు దాటి, ఘోషా పాటించే ఇళ్లలోకి కూడా చేరింది. గడప దాటకుండా నాలుగు డబ్బులు చూడొచ్చంటే కాదనే ఇల్లేది? మొగల్తూరులో మా పెద్దమ్మ వంటిల్లు సర్దుకుని, మధ్యాహ్నం నుంచి దీపాలు పెట్టేదాకా వీధరుగు మీద కూర్చుని అల్లేది. సూది చూసేది కాదు, మాతో మాట్లాడుతూనే వేళ్లు నడిపేది. ఒక ఇంటావిడ చేతిపని చేసి పువ్వులు అల్లుతుంది. ఇంకొకావిడ అతుకుపని, అంటే ఆ పువ్వులన్నీ కలిపి దుప్పటో బల్లగుడ్డో చేస్తుంది. దారం ఇచ్చేదీ తూకం వేసి తీసుకునేదీ ఏజెంటు. ఎన్ని పువ్వులిచ్చిందో మర్చిపోకుండా పెద్దమ్మ ద్వారబంధం మీద సుద్దముక్కతో గీతలు పెట్టేది. ఏజెంటు పుస్తకం లెక్కా ద్వారబంధం లెక్కా కలవని రోజున గెలిచేది పుస్తకమే.

“ఇవన్నీ ఎక్కడికెళ్తాయి పెద్దమ్మా?” అని అడిగితే, “సీమకే అమ్మడూ” అనేది. సీమ ఎక్కడుందని నేను అడగలేదు.

1970ల చివర్లో మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త ఈ అరుగుల మీదికొచ్చి కూర్చుంది. ఆవిడ రాసిన నరసాపురం లేసు అల్లేవాళ్ల పుస్తకం 1982లో అచ్చయింది. ప్రపంచమంతటా విశ్వవిద్యాలయాల్లో చదివే ఆ పుస్తకం సంగతి మన ఊళ్లో ఎంతమందికి తెలుసు? ఇంటి చాకిరీ కాక రోజుకి ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లుతున్న వాళ్లని అందరూ ‘ఇంట్లో ఖాళీగా ఉన్నవాళ్లు’ అనే అనుకున్నారు. జనాభా లెక్కల్లో వాళ్లు పనివాళ్ల కింద పడలేదు. పొలం కూలికెళ్లిన ఆడవాళ్ల కంటే వీళ్లకొచ్చేదే తక్కువ. ఎగుమతి చేసేవాళ్లు మగవాళ్లు, మేడలు కట్టిందీ వాళ్లే. మీస్ కోపంగానే రాసింది. ఆ కోపం నాకు న్యాయమనిపిస్తుంది, ఎందుకంటే ఏజెంటు పుస్తకం గెలిచిన రోజున మా పెద్దమ్మ ముఖం నేను చూశాను.

ఇప్పుడు కాలం మారిందంటారు. రుస్తుంబాదలో లేసు వ్యాపార కేంద్రం వచ్చింది. 2024 మార్చిలో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు దక్కింది. సంతోషించాను. కానీ 1999 నాటి భౌగోళిక గుర్తింపు చట్టం ప్రకారం గుర్తింపు వచ్చినంత మాత్రాన ఎవరికి వారు ముద్ర వేసుకోవడానికి లేదు. అధీకృత వినియోగదారుగా పేరు నమోదు చేసుకోవాలి. సరుకు తయారుచేసేవాళ్లెవరైనా చేసుకోవచ్చు. 500 రూపాయలున్న రుసుము 2020లో 10 రూపాయలకి తగ్గించారు. ఆ కాగితం అరుగు దాకా రాకపోతే ముద్ర మళ్లీ షావుకారు చేతిలోనే ఉంటుంది. అధికారులు సీతారాంపురంలో, మొగల్తూరులో, ఆచంటలో బల్లలేసుకు కూర్చుని, అల్లే ప్రతి మనిషి పేరూ రాసుకోవాలి. ఎవరు అల్లారో, పువ్వుకి ఎంతిచ్చారో పుస్తకంలో ఉండాలి.

ఇదంతా ఇప్పుడే ఎందుకంటున్నానంటే, సూది వదిలేసిన చేతులు ఎటుపోతున్నాయో చూస్తున్నాను గనక. మిషన్ లేసు చవగ్గా దిగాక, రేటు గిట్టక, పెద్దమ్మ తరం మనవరాళ్లు గల్ఫుకి పోయారు. మాధవాయిపాలెం రేవులో, సఖినేటిపల్లి పంటు మీద, మోటారు సైకిళ్ల మధ్య సూట్‌కేసు పట్టుకున్న ఆడమనిషి కనబడితే ఎక్కడికమ్మా అని అడగక్కర్లేదు. కువైటు, మస్కట్, దుబాయ్. పువ్వుల్ని పంపి గడపలో ఆగిపోయిన ఇళ్ల నుంచే ఇప్పుడు మనుషులు పోతున్నారు.

వాళ్ల కోసం నిబంధనలున్నాయి. పెద్దగా చదువుకోని ఆడవాళ్లు గల్ఫులో ఇంటిపనికి వెళ్లాలంటే ముప్ఫై ఏళ్లు నిండాలి. వలస అనుమతి ఉండాలి. 2016 నుంచి వాళ్లని ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలి. ఆ దారిన వెళ్తే ప్రవాసీ భారతీయ బీమా కింద పది లక్షల రక్షణ కూడా ఉంది. విజిట్ వీసా మీద ఎక్కించి పంపే సబ్ ఏజెంటు దారిన వెళ్తే ఇవేవీ ఉండవు. అక్కడ జీతం ఎగ్గొట్టినా, పాసుపోర్టు లాక్కున్నా, ఈ మనిషి వెళ్లినట్టు ఇక్కడ కాగితం లేదు. యానాం గీత దాటించిన పిల్లే నాకు గుర్తొస్తుంది. గ్రామ సచివాలయంలో పింఛను జాబితా ఉంది, రేషన్ జాబితా ఉంది. ఊరి నుంచి పరాయి దేశం వెళ్లిన ఆడవాళ్ల జాబితా, ఏ వీసా మీద ఏ ఇంటికి వెళ్లారో రాసిన పుస్తకం కూడా ఒకటి ఎందుకుండకూడదు?

మొన్న సీతారాంపురంలో ఒక అరుగు మీద కూర్చుని ఈ పది రూపాయల కాగితం గురించి చెప్పాను. అల్లిక ఆపకుండానే విన్నారు. అందరిలోకీ పెద్దావిడ, అరవై దాటి ఉంటుంది, సూది ఒళ్లో పెట్టుకుని ఒక్కటే అడిగింది.

“అందులో నా పేరే రాత్తారా అండి, మా ఆయన పేరు రాయాలా?”