ఎర్రగడ్డ దాకా ఎందుకు పోవాలి?

దోస్తుల్లో ఒకడు కాస్త తేడాగా మాట్లాడితే చాలు, ‘వీణ్ని ఎర్రగడ్డకు పంపాలిరా’ అనేస్తాం. సినిమాల్లోనూ అదే జోకు. ఆ ఎర్రగడ్డలో ఉన్నది ప్రభుత్వ మానసిక చికిత్సాలయం. కరీంనగర్ నుంచైతే సుమారు 160 కిలోమీటర్లు, ఆదిలాబాద్ నుంచైతే 300. తెల్లారకముందే బస్సెక్కి, జేబీఎస్‌లో దిగి, సిటీ బస్సు మారి, పిల్లవాడి చెయ్యి పట్టుకుని అక్కడ ఓపీ క్యూలో నిలబడే తల్లులున్నారు. ఊళ్లో ఎవరైనా అడిగితే ‘చుట్టాలింటికి పోయొచ్చినం’ అంటారు. నిజం చెబితే పెద్దబిడ్డ సంబంధం ఎక్కడ తప్పిపోతుందోనని భయం.

2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ ప్రయాణం ఫ్రీ. మంచిదే. కానీ బీడీలు చుట్టే తల్లికి అసలు ఖర్చు టికెట్ కాదు, ఆ రోజు చుట్టని బీడీలు. జగిత్యాల, సిరిసిల్ల వైపు తండ్రి గల్ఫ్‌లో ఉన్న ఇళ్లు ఎన్నో. అక్కడ పిల్లవాడు రాత్రంతా నిద్రపోకపోయినా, బడికి పోనని తలుపేసుకున్నా తల్లి ఒక్కతే చూసుకోవాలి. గాలి సోకిందని ఒకరు, తాయెత్తు కట్టించమని ఇంకొకరు, నీ పెంపకమే సరిగ్గా లేదని అత్తగారు. సలహాలకు కొదవ లేదు. తోడే లేదు.

కెరీర్ పేజీలో ఈ సంగతి ఎందుకంటారా? ఆ పిల్లవాడి అక్కో అన్నో ఈ పేజీ చదువుతుంటారు. గ్రూప్స్‌కు చదువుకుంటూనే తమ్ముడికి మాత్ర వేసే బాధ్యత కూడా వాళ్లదే. ఇంకో కారణం కూడా ఉంది. 2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాల తర్వాత రాష్ట్రంలో ఇరవై మందికి పైగా విద్యార్థులను పోగొట్టుకున్నాం. మార్కుల తప్పుల మీద, బోర్డు మీద చర్చ జరిగింది, జరగాల్సిందే. బిడ్డ ముఖం చూసి ఏదో తేడాగా ఉందని ముందే పసిగట్టిన తల్లి ఎవరి దగ్గరకు పోవాలి అన్న ప్రశ్న మాత్రం పక్కకు పోయింది.

దీనికి చట్టంలో జవాబుంది. 2017లో చేసిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. ప్రభుత్వం కనీసం ఏయే సేవలు ఇవ్వాలో దాని 18వ సెక్షన్ చెబుతుంది. పిల్లలకు మానసిక వైద్య సేవలు ఆ జాబితాలో ఉన్నాయి. రోగి కుటుంబానికి అండగా నిలిచే సేవలు కూడా ఉన్నాయి. అంటే కుటుంబానికి ఇచ్చే ఆసరా ఎవరి దయా కాదు, హక్కు. ఈ కనీస సేవలు సొంత జిల్లాలో ప్రభుత్వపరంగా లేకపోతే, అదే జిల్లాలో మరోచోట చేయించుకునే చికిత్స ఖర్చును ప్రభుత్వమే భరించాలని కూడా ఆ చట్టంలో ఉంది. ఈ మాట తెలిసిన తల్లిదండ్రులు మన ఊళ్లలో ఎంతమంది?

డాక్టర్లు లేరనే సాకు ఇదివరకైతే చెల్లేది. ఆదిలాబాద్‌లో రిమ్స్ 2008 నుంచే ఉంది. మంచిర్యాల, జగిత్యాల, రామగుండంలో 2022లో, కరీంనగర్, సిరిసిల్ల, నిర్మల్, ఆసిఫాబాద్‌లో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. పాత కరీంనగర్, ఆదిలాబాద్‌లు విడిపోయి ఏర్పడ్డ ఎనిమిది జిల్లాల్లోనూ ఇప్పుడు కాలేజీ ఉందన్నమాట. అయితే సైకియాట్రిస్టు ఒక్కరితో ఈ పని కాదు. ఆయన మందు రాసిస్తారు. ఆ మందు మధ్యలో ఎందుకు ఆపకూడదో, పిల్లవాడు అరిచినప్పుడు కొట్టకుండా ఏం చేయాలో, బడిలో సారుకు ఎలా చెప్పాలో, సర్టిఫికెట్‌కు ఎక్కడ అప్లై చేయాలో తల్లి పక్కన కూర్చుని చెప్పే మనిషి కావాలి. ఆమె నిద్రపోయి ఎన్ని రోజులైందో అడిగే మనిషి కావాలి.

ఆ మనిషి మీరెందుకు కాకూడదు? క్లినికల్ సైకాలజిస్టు, సైకియాట్రిక్ సోషల్ వర్కర్, స్పెషల్ ఎడ్యుకేటర్... వీటికోసం మన దగ్గర డిగ్రీ పిల్లలు పెద్దగా ఆలోచించరు. సికింద్రాబాద్ బోయిన్‌పల్లిలోని కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ స్పెషల్ ఎడ్యుకేషన్‌లో డీఎడ్, బీఎడ్ కోర్సులు నడుపుతోంది. కాకతీయ యూనివర్సిటీలో ఎంఎస్‌డబ్ల్యూ ఉంది. మండలాల్లోని భవిత కేంద్రాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చదువు చెప్పేది ఇలాంటి శిక్షణ పొందినవాళ్లే. ఒక జాగ్రత్త: క్లినికల్ సైకాలజిస్టుగా, స్పెషల్ ఎడ్యుకేటర్‌గా పనిచేయాలంటే ఆర్‌సీఐ గుర్తింపు ఉన్న కోర్సు, రిజిస్ట్రేషన్ ఉండాలి. మూడు నెలల ఆన్‌లైన్ సర్టిఫికెట్‌తో ‘కౌన్సెలర్’ బోర్డు పెట్టుకుంటామంటే కుదరదు. ఫీజు కట్టేముందు ఆ గుర్తింపు ఉందో లేదో చూసుకోండి. జీతాలు మొదట్లో సాఫ్ట్‌వేర్ అంత ఉండవు, ఆ మాట దాచడం దేనికి?

ఉట్నూరు ఏజెన్సీ పిల్లలకైతే ఇంకో బలముంది. గోండి, కొలామీ మాట్లాడే తల్లిని తెలుగులో ‘ఎప్పటి నుంచి ఇలా ఉన్నాడు?’ అని అడిగితే సగం జవాబే వస్తుంది. మిగతా సగం ఆమె భాషలో ఉంటుంది. ఇంటర్వ్యూలో దాచుకునే ఆ భాషే ఈ ఉద్యోగంలో పెద్ద అర్హత.

అప్పటిదాకా చేయగలిగినవి చిన్నవే. టెలీ మానస్ నంబరు 14416ను అమ్మ ఫోన్‌లో సేవ్ చేసి పెట్టండి. 2022 అక్టోబరు 10న మొదలైన ఈ సేవ ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడతారు. పిల్లల గురించి తల్లిదండ్రులూ ఫోన్ చేయొచ్చు. ఆటిజం, లెర్నింగ్ డిజబిలిటీ, మానసిక వ్యాధి కూడా 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో ఉన్నాయని ఇంట్లో చెప్పండి. సర్టిఫికెట్ ఉంటే పిల్లవాడు పెద్దయ్యాక ఉద్యోగాల రిజర్వేషన్‌లోనూ పనికొస్తుంది.

సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి ఉంటుంది. దరఖాస్తులు రాయడం మీకు కొత్త కాదు, ఈసారి ఇంకొకటి రాయండి. జిల్లా ఆస్పత్రిలో వారానికి ఒకరోజు పిల్లల మానసిక ఓపీ పెట్టాలని, ఆ రోజే తల్లిదండ్రులు కూర్చుని మాట్లాడుకోవడానికి ఒక గది, వాళ్లతో ఒక సోషల్ వర్కర్ ఉండాలని అడగండి. 18వ సెక్షన్ అని పైన రాయడం మర్చిపోవద్దు. రసీదు తీసుకోండి.