మసి దులిపేది ఎవరు?

పొగలేని పొయ్యి అంటే ఢిల్లీ నుంచి దిగిన పథకం అనుకుంటాం. దాని తొలి నమూనాల్లో ఒకటి మన హైదరాబాద్‌దే. అక్కడి ఇంజినీరింగ్ పరిశోధనశాలలో పనిచేసిన ఎస్.పి.రాజు 1953లో ‘స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ది మిలియన్స్’ పేరుతో పుస్తకమే వేశారు. మట్టి పొయ్యి, దాని మీద గిన్నెలకు కన్నాలు, చివర పొగగొట్టం. 1980లలో కేంద్రం ఇలాంటి మెరుగైన పొయ్యిలను దేశమంతా కట్టించడం మొదలుపెట్టి, 2002లో చేతులు దులుపుకుంది. అప్పటికి లెక్కల్లో మూడు కోట్లకు పైగా పొయ్యిలు. వాటిలో ఎన్ని వెలుగుతున్నాయన్నది వేరే లెక్క.

శ్రీకాకుళం పక్కనున్న ఒడిశాలో ఆర్థికవేత్తలు ఎస్తేర్ డఫ్లో, మైకేల్ గ్రీన్‌స్టోన్, రీమా హన్నా 44 గ్రామాల్లో ఇలాంటి పొయ్యిలను నాలుగేళ్లు గమనించారు. వండే మనిషి పీల్చే పొగ మొదటి ఏడాది తగ్గింది. తర్వాత ఆ తేడా కనబడలేదు. ఊపిరితిత్తులు బాగుపడలేదు, కట్టెలూ మిగల్లేదు. చాలా ఇళ్లలో పొయ్యి వాడకం తగ్గింది, బాగుచేసుకోవడం అంతకన్నా తగ్గింది.

ఇందులో ఆడవాళ్ల అజ్ఞానం వెతికే అధికారులుంటారు. వాళ్లు ఒకసారి పొగగొట్టంలోకి తొంగిచూడాలి. లోపలి గాలి వేడెక్కి పైకి లేస్తేనే అది పొగను లాగుతుంది. వానాకాలం తడి కట్టె పెడితే మంట వేడిలో కొంత నీళ్లను ఆవిరి చేయడానికే పోతుంది. చల్లబడ్డ పొగ గొట్టం గోడలకు జిగురు మసిగా పేరుకుంటుంది. దారి ఇరుకైతే పొగ వంటింట్లోకే తిరిగొస్తుంది. ఆ మసికి నిప్పంటుకుంటే గొట్టమే మండుతుంది. తాటాకు కప్పులోంచి రేకు గొట్టం తీసిన ఇంట్లో అప్పుడేమవుతుందో చెప్పనక్కర్లేదు. గొట్టానికీ ఆకుకూ మధ్య ఎడం వదలాలని మేస్త్రీకి తెలియకకాదు, అడిగేవాళ్లు లేక.

అసలు చిక్కు మరోటి. పొగ తాగేది వంట చేసే ఆవిడ. కప్పెక్కి మసి దులపగలిగేది ఆయన. ఆయన కళ్లు మండవు కాబట్టి ఆ పని వచ్చే వారానికి వాయిదా పడుతూనే ఉంటుంది. ప్రభుత్వం మేస్త్రీకి పొయ్యి కట్టినందుకు కూలీ ఇచ్చింది, దులిపినందుకు ఎవరికీ ఇవ్వలేదు.

గ్యాస్ వచ్చాక ఇదంతా పాతకథ అనేవారున్నారు. 1999లో దీపం పథకం, 2016లో ఉజ్వల, ఇప్పుడు దీపం-2 కింద ఏడాదికి మూడు ఉచిత సిలిండర్లు. మంచిదే. కానీ మూడు బండలతో ఏడాది గడిచే కుటుంబాలు తక్కువే. స్నానానికి నీళ్లు, పశువులకు ఉలవలు, పండగ పిండివంటలు ఇంకా కట్టెల మీదే. ఏజెన్సీలో చలికి గది తలుపులు మూసి కుంపటి పెట్టుకునేవారికి ముప్పు మరీ ఎక్కువ: పొగ లేకుండా రాజుకునే బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. కుంపటి బయట పెట్టి, కిటికీ కాస్త తెరవమని అక్కడి భాషల్లో ఇంటింటికీ చెప్పే పని ఆశా కార్యకర్తలకు అప్పగించడానికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు.

పొగగొట్టాలకూ అంతే. వానలకు ముందోసారి, సంక్రాంతికి ముందోసారి, పొయ్యి పూర్తిగా చల్లారాక, చివర గోనెపట్టా చుట్టిన వెదురు గడతో దులపాలి. గొట్టానికింత అని కూలీ కట్టి, ఆ డబ్బు చేతికిచ్చే ముందు ఆ ఇంటావిడతో వేలిముద్ర వేయించుకోవాలి.