మహమ్మారియు మగ్గమింటి జమాఖర్చును

పెద్దాపురమున ఆషాఢమాసమున మరిడమ్మ జాతర జరుగును. అంటువ్యాధుల నుండి కాపాడుమని తల్లిని వేడుట పూర్వాచారము. కాని కరోనా నిమిత్తము 2020 మార్చి 25న దేశమంతట లాక్‌డౌన్ అమలులోనికి వచ్చినపుడు, వ్యాధి సోకని యిండ్లను సైతము వేరొక భయము ఆవరించెను. అది ఆదాయము నిలిచిపోవునను భయము.

ఈ పట్టణము పట్టునేతకు పేరుగన్నది. పట్టుచీరల గిరాకి పెండ్లిండ్లపై ఆధారపడును. వేసవి ముహూర్తములు తప్పిపోగా అమ్మకము లేదు. అమ్మకము లేనిదే కూలి లేదు. ఉచిత బియ్యము అందినను, అద్దెయు, మందులును, వడ్డీయు నగదునే కోరును. నేతన్న నేస్తము క్రింద సొంతమగ్గము గల కుటుంబములకు 24,000 రూపాయలను ప్రభుత్వము గడువునకు ఆరు మాసములు ముందుగనే, జూన్ 20న విడుదల చేసెను. అప్పటికే 87 దినములు గడచెను. పరుల మగ్గముపై నేయు కూలివారికి అదియు లేదు.

కావున కుటుంబము ముందుగ సమకూర్చుకొనవలసినది ఆ 87 దినముల వ్యయము. కూలి అందిన ప్రతిసారి కొంత పోస్టాఫీసున వేరుగ నుంచుట, అధికవడ్డీ అప్పునకు లోబడకుండుట, ఇంట నొకరికి మరియొక పని నేర్పుట దీనికి మార్గములు. మిగులే లేనివారికి సహకార సంఘపు పొదుపు నిధి ఆధారము. దానిని పని సాగు దినములలోనే నింపవలెను. విద్యార్థులు తమ యింటి పద్దులతో ఈ లెక్క వేసి చూచిన, లోటు ఎంతయో తెలియును.