మూడు తూటాల తీర్పు

టెక్సాస్‌లో ఉండే మా బావమరిది మొన్నామధ్య ఒక ఫోటో పంపాడు. కాగితం మీద మూడు చిల్లులు, దాదాపు ఒకదాని మీద ఒకటి. కింద "బావా, దొరికేసింది!" అని రాశాడు. వాడు పగలు డేటాబేసులు చూసుకుంటాడు, వారాంతాల్లో గరాజ్‌లో కూర్చుని రైఫిల్ తూటాలు సొంతంగా నింపుకుంటాడు. ఖాళీ కేసు, కొత్త ప్రైమర్, తూచిన మందు, పైన బులెట్. మందు కొద్దికొద్దిగా పెంచుతూ పది కొలతలు, ఒక్కోదానికి మూడేసి తూటాలు. ఏ మూడు దగ్గరగా పడితే అదే తన రైఫిల్‌కి సరిపోయే కొలత. ఇక వెయ్యి గజాలకి అదే వాడతాడట.

(ఇది చదివి ఇక్కడ ఎవరూ మొదలెట్టకండి. తుపాకీ లైసెన్సు ఉన్నా సరే, తయారీ లైసెన్సు లేకుండా తూటాలు చేయడం 1959 ఆయుధాల చట్టం కింద నేరం.)

నాకు ఒళ్ళు మండి ఆ రాత్రే పైథాన్‌లో ఇరవై లైన్లు రాశాను. పది రకాల తూటాలు, పదీ అచ్చంగా ఒకటే. ఒక్కోదానికి మూడు షాట్లు. ఎన్నిసార్లు రన్ చేసినా ఒక "విజేత" వచ్చాడు, ఒక దండగమారి కూడా వచ్చాడు. దండగమారి గ్రూప్ మామూలుగా విజేత గ్రూప్‌కి మూడింతలు పైనే. అన్నీ ఒకటే అయినా! ఐదేసి షాట్లకి మార్చినా రెండింతలకి తగ్గలేదు. మనవాడు సంబరపడింది ఈ లాటరీకే అన్నమాట.

పైగా గ్రూప్ కొలిచే పద్ధతి కూడా దండగే. ఎడంగా పడిన రెండు చిల్లుల మధ్య దూరం కొలిచి మిగతావాటిని గాలికొదిలేస్తారు. అన్ని చిల్లుల మధ్యబిందువు పట్టుకుని, ఒక్కోటి దానికెంత దూరంలో ఉందో సగటు తీస్తే కాల్చిన ప్రతి తూటా పనికొస్తుంది. కొలతకి ఒక్కటే షాట్ కాల్చి, దూరాన ఏవి ఒకే ఎత్తులో పడ్డాయో చూసే "నిచ్చెన" పద్ధతి కూడా ఉంది. గుప్పెడు బియ్యం నేల మీద చల్లినా అక్కడక్కడా గుంపులు కనబడతాయి!

"మరి ఎన్ని కాల్చమంటావ్?" అన్నాడు. లెక్క వేసి చెప్పాను. రెండు కొలతల మధ్య తేడా పది శాతమే అయితే, అది నమ్మకంగా తేలడానికి ఒక్కోదానికి రెండొందలకి పైగా కాల్చాలి. "అప్పటికి బారెల్ అరిగిపోతుంది బావా" అన్నాడు. నిజమే. తేల్చుకోలేనంత చిన్న తేడా కోసం వారాంతాలన్నీ తగలేయడం ఎందుకు మరి? మందు సమంగా తూచుకో, వేగం నిలకడగా ఉందో లేదో చూసుకో. వెయ్యి గజాల దగ్గర సెకనుకి పది అడుగుల తేడాకే బులెట్ సుమారు మూడంగుళాలు కిందికో పైకో పోతుంది. అదీ ఐదు షాట్లతో కొలవకు.

వాడూ తక్కువ తినలేదు. "మీ సికింద్రాబాద్ రొనాల్డ్ రాస్ ఎన్ని దోమలు కోశాడేంటి?" అన్నాడు. మంచి ప్రశ్నే. 1897 ఆగస్టు 20న బేగంపేటలో రాస్ మలేరియా క్రిమిని చూసింది గుప్పెడు దోమల్లోనే. కానీ ఆయన ప్రశ్న "ఉందా, లేదా?" అని. దానికి ఒక్క దోమ చాలు. "ఏది మెరుగు, ఎంత మెరుగు?" అనే ప్రశ్నకి ఒక్కటి చాలదు. మనం ఆఫీసుల్లో లోడ్ టెస్టు మూడుసార్లు తిప్పి "పది శాతం ఫాస్ట్" అని మెయిల్ కొట్టేది కూడా ఈ తేడా తెలియకే.

అమెరికాలో వాడి డబ్బు, వాడి సరదా. నా కోపం అసలు తిరుమలగిరిలో మా చెల్లెలి ఇంటి గురించి. మేనకోడలు పది మీటర్ల ఎయిర్ రైఫిల్ కాలుస్తుంది. అక్కడ పదో వలయం వెడల్పు అర మిల్లీమీటరు, కాబట్టి పెల్లెట్ల మీద, బారెల్ మీద అనుమానం సహజం. కోచ్ రైఫిల్‌ని బిగించి ఐదు పెల్లెట్లు కాల్చాడు. గ్రూప్ పోయినేడాది కన్నా ఒకటిన్నర రెట్లు పెద్దదొచ్చింది. "బారెల్ పోయింది, మార్చండి" అన్నాడు. చెల్లెలు వాళ్ళు అప్పు చేయడానికి సిద్ధమైపోయారు. పిల్లేమో రెండు నెలలుగా ప్రతి చెడ్డ షాట్‌కీ రైఫిల్ వంకే చూస్తోంది.

ఒక్క ఆదివారం అడిగాను. పిల్ల రైఫిలు, పక్కమ్మాయి కొత్త రైఫిలు, ఒకే డబ్బా పెల్లెట్లు, మార్చి మార్చి పదేసి చొప్పున చెరో నలభై. ఏ కాగితం ఎవరిదో నాకు చెప్పకుండా ఇవ్వమన్నాను. కొలిస్తే రెంటికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఐదింట్లో ఏదైనా దాక్కుంటుంది గానీ, ఒకటిన్నర రెట్ల తేడా నలభైలో దాక్కోలేదు. ఏలీ వాళ్ళు బర్మింగ్‌హామ్‌లో, లపువా వాళ్ళు జర్మనీలోని షోనెబెక్‌లో పెద్ద షూటర్ల పాయింట్ టూటూ రైఫిళ్ళని బిగించి లాట్లు పరీక్షించేటప్పుడు పదేసి షాట్ల గ్రూపులు కాలుస్తారు, ఊరికే కాదు.

బారెల్ కొనలేదు. కోచ్ నాతో మాట్లాడటం మానేశాడు. పిల్ల మాత్రం ఇప్పుడు ట్రిగ్గర్ మీద వేలి సంగతి చూసుకుంటోంది.

బావమరిది నిన్న మెసేజ్ పెట్టాడు. ఆ గొప్ప కొలతే ఇంకో ఇరవై కాల్చాడట. ఈసారి ఫోటో మాత్రం పంపలేదు :)