రొయ్యల బుట్టా, టొరెంటూ

టొరెంటు పేరెత్తగానే మనవారిలో రెండు రకాల స్పందన కనిపిస్తుంది. ఒక వర్గం ముక్కు మూసుకుంటుంది: అది దొంగల సంత, మర్యాదస్తులు అటు తొంగి చూడరాదు. మరో వర్గం జబ్బలు చరుస్తుంది: విజ్ఞానం అందరి సొత్తు, పంచుకోవడం మా జన్మహక్కు. నా దృష్టిలో రెండూ తప్పుడు వాదాలే. మొదటివారు పనిముట్టునూ, దానితో చేసిన పనినీ ఒకే గాటన కడుతున్నారు. రెండవవారు పంచుకోవడం గురించి ఉపన్యాసాలు దంచుతూ, ఆ పనిముట్టు తమనుంచి కోరే ఒకే ఒక్క బాధ్యతను ఎగవేస్తున్నారు. ఈ రెండు పక్షాల నడుమ నలిగిపోతున్నవి ఎవరూ అచ్చువేయని, ఎవరూ అమ్మని మన పాత తెలుగు పుస్తకాలు.

వాదంలోకి దిగేముందు ఈ యంత్రాంగం ఎలా పనిచేస్తుందో చూద్దాం. తిట్టేవారిలోనూ పొగిడేవారిలోనూ చాలామంది ఆపాటి శ్రమ పడినట్టు తోచదు.

మామూలు వెబ్‌సైటు ఊరంతటికీ ఉన్న ఒకే ఒక్క బావి లాంటిది. అందరూ అక్కడికే వెళ్ళి తోడుకోవాలి. జనం పెరిగితే వరుస పెరుగుతుంది. బావి యజమాని గేటు మూస్తే ఊరంతా దాహమే. పీర్-టు-పీర్ పద్ధతి దీనికి భిన్నం. పీర్ అంటే సాటివాడు. ఇక్కడ ఇచ్చేవాడొకడు, పుచ్చుకునేవాడొకడు అన్న విభజన లేదు. ప్రతి కంప్యూటరూ ఏకకాలంలో రెండు పనులూ చేస్తుంది.

1999లో షాన్ ఫానింగ్ అనే అమెరికన్ విద్యార్థి వదిలిన నాప్‌స్టర్ ఈ దారిలో సగమే నడిచింది. పాటలు వాడుకరుల కంప్యూటర్లలోనే ఉండేవి. ఎవరి వద్ద ఏ పాట ఉందో చెప్పే పట్టిక మాత్రం సంస్థ సర్వర్లలో ఉండేది. ఆ పట్టికే దానికి ప్రాణం, అదే దాని మరణానికీ కారణం. సంగీత కంపెనీలు కోర్టుకెక్కి ఆ పట్టికను పట్టుకున్నాయి. 2001 జూలైలో నాప్‌స్టర్ సేవ ఆగిపోయింది. 2000 మార్చిలో వచ్చిన గ్నుటెల్లా అసలు పట్టికనే తీసిపారేసింది. కావలసినదాని గురించి పక్కవాణ్ణి అడగడం, అతడు తన పక్కవాళ్ళను అడగడం, అలా ప్రశ్న ఏడంచెల దాకా పాకిపోవడం దాని తీరు. మూయడానికి తలుపు లేదు, నిజమే. కానీ ప్రశ్నల హోరుతోనే దారులన్నీ నిండిపోయేవి.

అసలైన మలుపు బ్రామ్ కోహెన్ 2001లో రూపొందించిన బిట్‌టొరెంట్. ఇందులో ఫైలును చిన్నచిన్న ముక్కలుగా విభజిస్తారు. ప్రతి ముక్కకూ దాని బైట్లనుంచి లెక్కగట్టిన ఒక వేలిముద్ర ఉంటుంది. టొరెంటు ఫైలు అంటే ఆ వేలిముద్రల జాబితాయే తప్ప సినిమా కాదు, పుస్తకం కాదు. ముక్క ఏ అపరిచితుడి వద్దనుంచి వచ్చినా, వేలిముద్ర సరిపోలకపోతే మీ కంప్యూటరు దాన్ని పారేస్తుంది. అంటే ఇక్కడ మనిషిని నమ్మనక్కరలేదు, లెక్కను నమ్మితే చాలు. ట్రాకరనేది ఒకటుంటుంది గానీ, దాని పని గుంపులో ఎవరెవరున్నారో చెప్పడమే. తరువాతి కాలంలో, 2002లో ప్రచురితమైన కడెమ్లియా పద్ధతి ఆధారంగా, ఆ చిరునామాల పట్టికను కూడా వాడుకరులందరికీ తలాకొంచెం పంచేశారు.

రెండు నియమాలు ప్రత్యేకంగా గమనించదగినవి. మొదటిది, గుంపులో ఏ ముక్క అరుదుగా ఉందో దాన్నే ముందు దించుకోవాలి. అందువల్ల అంతరించబోయే ముక్కకు వెంటనే మరో ప్రతి పుడుతుంది. రెండవది ఇచ్చిపుచ్చుకోవడం. తనకు ఎవరు ఎంత వేగంగా ఇస్తున్నారో ప్రోగ్రాము 10 సెకన్లకోసారి లెక్క చూసుకుని, ఎక్కువ ఇచ్చేవారికే తానూ ఇస్తుంది. 30 సెకన్లకోసారి మాత్రం ఒక కొత్తవాడికి, వాడేమీ ఇవ్వకపోయినా, అవకాశమిస్తుంది. లేకుంటే చేతిలో ఏమీ లేనివాడు మొదలుపెట్టేదెలా? మన పల్లెల్లో నాట్లకూ కోతలకూ బదుళ్ళు పెట్టుకునేవారు. ఈరోజు నీ చేలో నేను, రేపు నా చేలో నువ్వు. కోహెన్ కంప్యూటరుకు నేర్పింది అచ్చంగా ఆ బదుళ్ళ లెక్కే.

ఇందులో దొంగతనం ఎక్కడుంది? అనుమతి లేని సరుకు ఈ దారిన పుష్కలంగా నడిచిందని నేను కాదనను. కానీ అదే దారిన లినక్స్ నడిచింది. 2010లో ట్విటర్ తన వేలాది సర్వర్లకు కొత్త ప్రోగ్రాములను చేరవేయడానికి ఈ పద్ధతినే వాడుకుంది. అమెరికా సుప్రీంకోర్టు 2005లో గ్రోక్‌స్టర్ కేసులో ఏకగ్రీవంగా ఏం చెప్పింది? ఉల్లంఘనను ప్రోత్సహించే ఉద్దేశంతో సాధనాన్ని పంచినవాడు బాధ్యుడు అన్నది. సాధనమే నేరం అనలేదు. వీడియో రికార్డర్ల విషయంలో తాను 1984లో ఇచ్చిన రక్షణను రద్దు చేయనూ లేదు. ఈపాటి విచక్షణ మన చర్చల్లో కరువైంది.

విచక్షణ లేనప్పుడు ఏమవుతుందో 2012లో చూశాం. '3', 'దమ్ము' సినిమాల కోసం మద్రాసు హైకోర్టు ఇచ్చిన ఉత్తర్వును పట్టుకుని ఇంటర్నెట్ సంస్థలు టొరెంటు సైట్లతోపాటు విమియోను, పేస్ట్‌బిన్‌ను కూడా మూసేశాయి. సొంత లఘుచిత్రాన్ని విమియోలో పెట్టుకున్న కుర్రవాడికీ 'దమ్ము' సినిమాకూ ఏమిటి సంబంధం? ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడం ఇదే. నిర్దిష్టమైన చిరునామాలనే ఆపాలి గానీ సైట్లను మొత్తంగా కాదని అదే కోర్టు జూన్‌లో స్పష్టం చేయవలసి వచ్చింది. మరుసటి ఏడాది 'అత్తారింటికి దారేది' విడుదలకు ముందే సగానికిపైగా బయటికి పొక్కింది. పోలీసుల కథనం ప్రకారం అది సినిమాకు పనిచేసినవారి చేతుల మీదుగానే బయటపడింది. తాళంచెవి ఇంట్లోవారే ఇచ్చేస్తే వీధిని నిందించి లాభమేమి?

ఇక జబ్బలు చరిచే రెండవ వర్గం దగ్గరికి వస్తాను. వీరిమీదే నాకు ఎక్కువ కోపం.

2000లో ఎయిటన్ అదార్, బెర్నార్డో హ్యూబర్‌మన్ అనే పరిశోధకులు గ్నుటెల్లాను పరిశీలించారు. వాడుకరుల్లో దాదాపు 70 శాతం మంది ఒక్క ఫైలు కూడా పంచడం లేదని, మొత్తం జవాబుల్లో దాదాపు సగం కేవలం 1 శాతం కంప్యూటర్లనుంచే వస్తున్నాయని తేల్చారు. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాత్రం మాయం! బిట్‌టొరెంట్ బదుళ్ళ లెక్క దించుకుంటున్నంతసేపే ఈ జబ్బును అదుపులో పెడుతుంది. ఫైలు పూర్తిగా చేతికందాక ఇక ఇవ్వడమా మానడమా అన్నది మనిషి ఇష్టం. పూర్తి ప్రతిని ఉంచుకుని ఇతరులకు అందించడాన్ని సీడింగ్ అంటారు, అంటే విత్తనం కావడం. పంట ఇంటికి చేరగానే విత్తనాల గాదెకు తాళం వేసుకునేవాడు పంచుకోవడం గురించి మాట్లాడకూడదు.

అంతకంటె సిగ్గుచేటు మరొకటుంది. బతికున్న తెలుగు రచయిత అప్పుచేసి అచ్చువేసుకున్న పుస్తకాన్ని స్కాన్ చేసి ఊరిమీదికి వదిలి, దానికి సాహిత్యసేవ అని పేరు పెట్టడం. వెయ్యి ప్రతులు అమ్ముడవడమే గగనమైన భాషలో ఇది సేవ కాదు, రచయిత కడుపు కొట్టడం. మన చట్టంలో గడువు స్పష్టంగా ఉంది: రచయిత మరణించిన సంవత్సరం తరువాత 60 ఏళ్ళు. 1979లో పోయిన చలం రచనలకు 2039 చివరిదాకా, 1983లో పోయిన శ్రీశ్రీ రచనలకు 2043 చివరిదాకా హక్కులుంటాయి. ఆ వారసుల అనుమతి లేకుండా పంచడం తప్పు. విజ్ఞానం పేరు చెప్పి ఆ తప్పును కడుక్కోలేం.

కానీ గురజాడ 1915లో పోయారు. కందుకూరి 1919లో, గిడుగు 1940లో, సురవరం ప్రతాపరెడ్డి 1953లో. వారి సొంత రచనల మీద గడువు తీరిపోయింది. వాటిని పంచడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. మరి పంచామా? చిత్తూరు జిల్లాలో పుట్టిన రాజ్ రెడ్డి గారి మిలియన్ పుస్తకాల ఆశయంతో ముడిపడిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలో వేలాది తెలుగు పుస్తకాలు స్కాన్ అయ్యాయి. మనమంతా దాన్ని చూసుకుని నిశ్చింతగా ఉన్నాం. ఆ సైటు మూతపడింది. కొందరు ఔత్సాహికులు ముందుచూపుతో ప్రతులను ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేర్చబట్టి ఆ పుస్తకాలు మిగిలాయి. 2024 అక్టోబరులో ఆ ఆర్కైవ్ మీదే దాడి జరిగి కొన్ని రోజులు అందుబాటులో లేకుండా పోయింది. బావి మారింది తప్ప మన అలవాటు మారలేదు. ఉచితంగా చోటిచ్చినవాడు నోటీసిచ్చి ఖాళీ చేయించగలడని 2009లో జియోసిటీస్ మూతపడినప్పుడే తెలిసింది. అయినా మన రాతలూ, మన పాత పుస్తకాలూ ఇప్పటికీ పరాయి పంచలోనే పడుకుంటున్నాయి.

ఆర్కైవ్ 2012నుంచి తన పుస్తకాలకు టొరెంట్లను కూడా ఇస్తోంది. అయితే వాటికి ఆధారం ప్రధానంగా ఆర్కైవ్ సర్వర్లే. అవి ఆగిన రోజున, మరెక్కడా విత్తనం లేకపోతే, టొరెంటు ఫైలు ఉత్త వేలిముద్రల జాబితాగా మిగులుతుంది. మనిషి పోయాక వేలిముద్ర ఎందుకు?

కాబట్టి మిత్రులారా, నా విన్నపం చిన్నది. గడువు తీరిన పుస్తకాలు మీకు నచ్చినవి పది ఎంచుకోండి. సంపాదకుల, అనువాదకుల, పీఠికాకర్తల హక్కులు వేరుగా ఉండవచ్చు, అదీ చూసుకోండి. ఉన్న టొరెంటునే వాడండి. ఫైలును కుదించి, పేరు మార్చి కొత్తది చేస్తే వేలిముద్ర మారి గుంపు రెండుగా చీలుతుంది. దించుకున్నాక మూసేయకుండా రోజూ కంప్యూటరు పనిచేసే ఆ కాసేపు తెరిచి ఉంచండి. ఒక పాత తెలుగు పుస్తకం స్కాన్ సాధారణంగా కొన్ని పదుల మెగాబైట్లు. ఒక సినిమా దించుకునే డేటాతో ఎన్నో పుస్తకాలు పంచవచ్చు. ఒకరు విశాఖలో, ఒకరు వరంగల్లులో, ఒకరు డాలస్‌లో అదే పుస్తకాన్ని ఉంచితే, దాన్ని మాయం చేయడం ఏ ఒక్క సంస్థ మూతపడినా సాధ్యం కాదు.

టొరెంటును దొంగ అనేవారు గురజాడను పంచి చూపించవచ్చు. పంచుకోవడం హక్కు అనేవారూ ముందు ఆ పనే చేయాలి. నేటికి మాత్రం ఇద్దరి కంప్యూటర్లలోనూ విత్తనాల గాదె ఖాళీగానే కనిపిస్తోంది.