క్రోమియం కాలుష్యం – రక్తంలోని కొవ్వులు

కొలెస్టరాల్‌ను అదుపులో ఉంచుతుందన్న ప్రచారంతో క్రోమియం పికోలినేట్ మాత్రలు మందుల దుకాణాలలో విక్రయింపబడుతున్నాయి. అదే మూలకం తోళ్ల కర్మాగారాల వ్యర్థజలంతో బావిలోకి చేరినపుడు విషమని హెచ్చరిస్తున్నారు. పాలారు పరీవాహకంలోని రాణిపేట, ఆంబూరు ప్రాంతాల రైతుకు ఇందులో ఏది నమ్మాలో తెలియకపోవడం సహజమే.

మాత్రలోనిది త్రిసంయోజక క్రోమియం. అందులో పేగుల నుండి రక్తంలోకి చేరేది అత్యల్పం. గ్లూకోజ్ వినియోగానికి అది అవసరమన్న భావన 1950వ దశకం చివర ష్వార్జ్, మెర్ట్జ్ ఎలుకలపై జరిపిన ప్రయోగాలతో బలపడింది. ఆరోగ్యవంతులకు దానివల్ల మేలు కలుగుతుందనుటకు ఆధారం లేదని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2014లో తేల్చింది. ప్రచారం మాత్రం ఆగలేదు.

షట్సంయోజక క్రోమియం తీరు వేరు. క్రోమేట్ అయాను సల్ఫేటును పోలి ఉండుటచే కణపొరలోని సల్ఫేటు మార్గాల గుండా సులభంగా లోనికి చొరబడుతుంది. లోపల క్షయకరణం చెందుతూ స్వేచ్ఛా రాడికల్స్‌ను పుట్టిస్తుంది. కణపొరల కొవ్వులు ఆక్సీకరణకు లోనవుతాయి. కొలెస్టరాల్‌ను, ట్రైగ్లిజరైడ్లను తయారుచేసి రక్తంలోకి పంపే కాలేయం ఈ దెబ్బకు గురయ్యే ముఖ్య అవయవాలలో ఒకటి. ఎలుకలలో లిపిడ్ల మార్పులు నమోదయ్యాయి. మానవులలో ఫలితాలు ఏకరీతిగా లేవు. జఠరరసం ఈ రూపాన్ని కొంతవరకు త్రిసంయోజకంగా మార్చివేయడం అందుకు ఒక కారణం కావచ్చు.

అయితే పరీక్షలు కొలుస్తున్నదేమిటి? తాగునీటికి లీటరుకు 0.05 మిల్లీగ్రాములు, పట్టణ కంపోస్టుకు కిలోకు 50 మిల్లీగ్రాములు అన్న పరిమితులు రెండూ మొత్తం క్రోమియానికి విధించినవే. నేలలో ఈ రూపాలు స్థిరంగా ఉండవు. మాంగనీస్ ఆక్సైడ్లు త్రిసంయోజకాన్ని షట్సంయోజకంగా మార్చగలవని 1979లో బార్ట్‌లెట్, జేమ్స్ చూపారు. నీరు నిలిచిన వరిమడిలో జరిగేది దీనికి విరుద్ధం. మడి ఆరితే పరిస్థితి మళ్లీ మారవచ్చు. కనుక ఏడాదికొక నమూనా తీసి తృప్తి చెందడం సరికాదు. పైగా వరి తాను గ్రహించిన క్రోమియాన్ని అధికభాగం వేళ్లలోనే నిలుపుకొంటుంది. గింజను పరీక్షించి ప్రమాదం లేదని ప్రకటించేవారు బావిని మరచిపోతున్నారు.

రాణిపేటలో మూతపడిన క్రోమేటు కర్మాగారం వదిలిన వ్యర్థం లక్ష టన్నులకు పైమాటే. వేలూరు ప్రాంత తోళ్ల పరిశ్రమల వ్యాజ్యంలో బాధితులకు పరిహారం నిర్ణయించే వ్యవస్థను నెలకొల్పమని 1996లో సుప్రీంకోర్టు ఆదేశించింది. పాడైన భూమిని ఎకరాలలో కొలవవచ్చు. ఏళ్ల తరబడి ఆ నీరు తాగినవారి శరీరంలో జరిగినదానికి వేరే కొలత కావాలి.

బావినీటిలోని షట్సంయోజక క్రోమియాన్ని వర్షాలకు ముందు, తరువాత విడిగా కొలిచి, అదే కుటుంబాలకు పరగడుపున లిపిడ్ పరీక్ష చేయించడం కష్టసాధ్యమేమీ కాదు. అన్నం ప్రధానమైన ఆహారం, మధుమేహం కూడ ట్రైగ్లిజరైడ్లను పెంచుతాయి గనుక పోలికకు కాలుష్యం సోకని గ్రామాలు తప్పనిసరి. కుప్పం వైపు పాలారు ఎగువన అటువంటివి ఎంచుకోవచ్చు. వ్యవసాయ, వైద్య విశ్వవిద్యాలయాలు కలిసి పూనుకుంటే రెండు పంటకాలాలలో తొలి లెక్క చేతికి వస్తుంది.